ఆడేది పాప, ఫోన్‌కు తెలిసింది నాన్న

సాయంత్రం ఏడు దాటితే తెలుగు ఇళ్లలో చాలా ఫోన్లు వాటి యజమానుల చేతుల్లో ఉండవు. నాన్న ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే జేబులోని ఫోన్ మాయమవుతుంది. అమ్మ ఫోన్ అంతకుముందే, అన్నం తినిపించే వేళకే చేతులు మారిపోయి ఉంటుంది. ఇక మిగిలింది తాతయ్య ఫోన్. దానికి లాక్ లేదన్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండకపోవచ్చు గానీ మూడేళ్ల పాపకు బాగా తెలుసు.

ఈ విషయం మీద ఎక్కడ మాట వచ్చినా చర్చ ఒక్క ప్రశ్న దగ్గరే తిరుగుతుంది. పిల్లలు ఎంతసేపు చూస్తున్నారు, గంటా, మూడు గంటలా? అది అడగాల్సిన ప్రశ్నే. దాంతోపాటు అడగాల్సిన ఇంకో ప్రశ్నను మాత్రం దాదాపు ఎవరూ అడగరు. వాళ్లు చూస్తున్నది ఎవరి ఫోన్‌లో?

స్మార్ట్‌ఫోన్‌ను ఒక్క మనిషి వాడుకునే వస్తువుగా తయారుచేశారు. కొన్న రోజున ఒక జీమెయిల్ ఐడీ, ఒక పుట్టినతేదీ, ఒక నంబరు ఇస్తాం. అప్పటినుంచి ఆ తెర మీద ఎవరి వేలు పడినా, ఆ పుట్టినతేదీ ఉన్న మనిషిదే అని అది లెక్కవేసుకుంటుంది. 1989లో పుట్టిన నాన్న ఫోన్‌లో మూడేళ్ల పాప బొమ్మలు చూస్తుంటే, ఫోన్ లెక్క ప్రకారం చూస్తున్నది మధ్యవయసుకు వస్తున్న ఒక మగమనిషి. పిల్లల రక్షణ కోసం కంపెనీలు పెట్టిన ఏర్పాట్లు, ప్రభుత్వాలు చేసిన చట్టాలు చాలావరకు ఖాతాదారు వయసును బట్టి పనిచేసేవే. ఖాతా నాన్నది కాబట్టి అవి పాప దాకా రావు.

పిల్లలకు విడిగా ట్యాబ్ కొనిచ్చే దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ ఇబ్బంది ఎక్కువ. ఇక్కడ ఫోన్ ఇంటిల్లిపాదిదీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉందని చెప్పిన ఆడవాళ్లు 54 శాతమే. అమ్మ ఫోనే అందరిదీ అయిన ఇంట్లో పాప వేరే ఖాతాతో వాడటమన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

లోపలికి దారి ఎలా దొరికింది

ఒకప్పుడు పిల్లలను ఫోన్‌కు దూరంగా ఉంచిన వాటిలో డబ్బు ఒకటి. "డేటా అయిపోతుంది, ఇటివ్వు" అనేది నిజమైన కారణం. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలయ్యాక ఆ కారణం పోయింది. నెలకు ఒక జీబీని పొదుపుగా వాడుకున్న ఇళ్లు రోజుకు జీబీ, జీబీన్నర వాడటం మొదలుపెట్టాయి. రాత్రి పన్నెండుకు మిగిలిపోయే డేటాను పిల్లలు వాడుకుంటే నష్టమేమిటన్న ధోరణి వచ్చింది.

రెండో అడ్డంకి అక్షరం. చదవడం రాని పిల్లలు వెతుక్కోలేరు కదా అనుకునేవాళ్లం. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లోకి తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలను తెచ్చింది. ఊళ్లో చదువురాని పెద్దవాళ్లకు అది గొప్ప మేలు చేసింది, సందేహం లేదు. అదే మైక్ గుర్తు మూడేళ్ల పిల్లలకూ తలుపు తీసింది. మైక్ నొక్కి "జేసీబీ" అంటే చాలు, మట్టి తవ్వే పసుపు బండ్లు వరసగా వచ్చేస్తాయి. మాట స్పష్టంగా రాకపోయినా ఏదో ఒకటి వస్తుంది. ఆ వచ్చినదాన్ని పిల్లలు కాదనరు.

మూడోది లాక్. ప్యాటర్న్ లాక్‌లో పెద్దవాళ్లకు కనిపించేది చుక్కలు, పిల్లలకు కనిపించేది వేలు కదిలిన దారి. నాలుగుసార్లు పక్కన కూర్చుని చూస్తే చేయి దానంతటదే తిరుగుతుంది. వేలిముద్ర పెట్టినా భద్రం కాదు. 2016లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఆరేళ్ల పాప, నిద్రపోతున్న తల్లి బొటనవేలిని ఫోన్‌కు ఆనించి 250 డాలర్ల బొమ్మలు ఆర్డర్ పెట్టిన ఉదంతం పత్రికల్లోకి ఎక్కింది. మధ్యాహ్నం కునుకు తీసే మన ఇళ్లలోనూ ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి.

ఇవన్నీ చూసి పెద్దవాళ్లు మురిసిపోతారు. "నాకే తెలీదు, వీడికి అన్నీ తెలుసండీ" అని తాతయ్య పక్కింటివాళ్లకు చెబుతారు. ఆ మురిపెంలో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే తెర మీద వేలు జరపడం తెలివికి కొలత కాదన్నది మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. ఏడాది నిండని బిడ్డ కూడా చేయగలిగేంత తేలికగా ఆ తెరను తయారుచేశారు. ఆ నైపుణ్యం తయారుచేసినవాళ్లది.

ఫోన్ ఇచ్చింది ఎవరు

పిల్లలు లాక్కున్నారని అంటాం గానీ, మొదటిసారి వాళ్ల చేతికి ఫోన్ వచ్చింది మన చేతిలోంచే. ఎక్కువ ఇళ్లలో అది అన్నం దగ్గర మొదలవుతుంది.

ఏడాదిన్నర బాబుకు పప్పన్నం కలిపి పెడుతున్న తల్లిని చూడండి. ఫోన్ లేకపోతే ముప్పావుగంట పడుతుంది. మూడు ముద్దలు తిన్నాక లేస్తాడు, పరిగెడతాడు, నోట్లో పెట్టుకున్నది ఉమ్మేస్తాడు. ఫోన్‌ను నీళ్ల గ్లాసుకు ఆనించి పాట పెడితే పావుగంటలో గిన్నె ఖాళీ. నోరు తెరుస్తాడు, మింగుతాడు, మళ్లీ తెరుస్తాడు. కళ్లు తెర మీంచి కదలవు. ముద్దలో కూర ఉందో పెరుగుందో తెలీదు, నమలడం కూడా సరిగా ఉండదు. కడుపు నిండిందని చెప్పే సూచన ఒకటి ఆ పసివాడి ఒంట్లో పుట్టుకతోనే ఉంది. తల తిప్పుకోవడం, నోరు మూసుకోవడం, చేత్తో తోసెయ్యడం ఆ సూచనే. తెర ముందు అది పనిచెయ్యదు. పిల్లలకు తినిపించేటప్పుడు ధ్యాస మళ్లించేవి తగ్గించాలనీ, వాళ్ల ఆకలిని, చాలన్న సైగను గమనిస్తూ తినిపించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే.

అలాగని తల్లిని తప్పుపట్టి వదిలేస్తే న్యాయం కాదు. ఆమె మీద ఉన్న ఒత్తిడి చిన్నది కాదు. "పిల్లాడు చిక్కిపోయాడు, ఏం పెడుతున్నావు" అని ఊరినుంచి వచ్చిన ప్రతి చుట్టమూ అడుగుతారు. బిడ్డ ఎంత తిన్నాడన్నది తల్లి పెంపకానికి మార్కులు వేసే పరీక్ష అయిపోయింది. గిన్నె ఖాళీ అయిందా లేదా అన్నదే లెక్క అయినప్పుడు, గిన్నెను ఖాళీ చేయించే సాధనాన్ని ఆమె వదులుకోదు. ఏడాదిన్నర పిల్లలు ఒకరోజు బాగా తిని మరుసటిరోజు అసలు తినకపోవడం మామూలే అన్నమాట ఇంట్లో పెద్దవాళ్లు ఆమెకు చెప్పగలిగితే సగం సమస్య అక్కడే తగ్గుతుంది. ఫోన్ తగ్గించమని తల్లికి చెప్పేముందు, బిడ్డ ఒళ్లు గురించి వ్యాఖ్యానించడం చుట్టాలు మానుకోవాలి.

పని ఇంకో కారణం. హైదరాబాద్‌లో ఇద్దరూ ఉద్యోగం చేసే అపార్ట్‌మెంట్ ఇంట్లోనైనా, పొలం పనికి వెళ్లొచ్చి పొయ్యి వెలిగించే పల్లెటూరి ఇంట్లోనైనా, ఆ గంటసేపు పిల్లను చూసుకునే మరో మనిషి లేరు. వీధిలో ఆడుకోవడానికి పంపే రోజులు పట్టణాల్లో పోయాయి. బండ్లు, కుక్కలు, తెలియని మనుషులు అంటూ భయపడటానికి కారణాలు ఉన్నాయి. ఇంట్లోనే, కనిపించేచోటే, కుదురుగా కూర్చోబెట్టే సాధనం ఫోన్ ఒక్కటే అయింది.

ఇక బడి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు నేరుగా ఫోన్‌లోకి వచ్చేశాయి. పిల్లల కోసమే ఫోన్ కొన్న ఇళ్లు ఎన్నో. గ్రామీణ ప్రాంతాల్లో బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతమైతే 2021 నాటికి 67.6 శాతమని, పల్లెల్లో చదువుల తీరును లెక్కగట్టే అసర్ సర్వేలు చెప్పాయి. మహమ్మారి పోయింది, బడులు తెరుచుకున్నాయి, ఫోన్ మాత్రం బడిలో భాగంగా ఉండిపోయింది. ఎల్‌కేజీ పాప హోంవర్క్ అమ్మ వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. రైమ్ వీడియో లింక్, రంగులు వేయాల్సిన బొమ్మ ఫొటో, రేపు ఆకుపచ్చ బట్టలు వేసి పంపమన్న కబురు అన్నీ అక్కడే. "మేడమ్ పెట్టింది చూడాలి" అని పాప అడిగితే కాదనే తల్లి ఎవరు? చూడాల్సింది రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలయ్యాక ఫోన్ పాప చేతిలోనే ఉంటుంది.

అసర్ 2024 నివేదికలోని ఒక లెక్క ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 14-16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో గడిచిన వారంలో చదువుకు సంబంధించి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. చదువు పేరుతో ఇంట్లోకి వచ్చిన వస్తువు దేనికి ఎక్కువ పనికొస్తోందో చెప్పడానికి ఇది చాలు. పసిపిల్లల మీద ఇలాంటి సర్వే కాదిది. అయినా ఆ పద్నాలుగేళ్ల పిల్లలకున్న అలవాటు పద్నాలుగో ఏట మొదలైంది కాదని ఇళ్లను చూస్తే అర్థమవుతుంది.

నాన్న ఖాతాలో పాపకు ఏం కనిపిస్తుంది

యూట్యూబ్‌లో సొంత ఖాతా తెరవడానికి కనీస వయసు 13. అంతకన్నా చిన్నవాళ్ల కోసం యూట్యూబ్ కిడ్స్ అని వేరే యాప్ ఉంది. 2015లో అమెరికాలో, 2016 నవంబర్‌లో మన దేశంలో వచ్చింది. అందులో పెద్దవాళ్లు తాము ఎంచిన వీడియోలు తప్ప ఇంకేవీ రాకుండా కట్టడి చెయ్యవచ్చు, సమయం అయిపోగానే ఆగిపోయేలా టైమర్ పెట్టవచ్చు. కానీ ఫోన్ కొన్నప్పుడే అందులో ఉండేది మామూలు యూట్యూబ్. పాప అలవాటుపడింది ఆ ఎర్రగుర్తుకే.

పిల్లల వీడియోలకు ఒక రక్షణ మాత్రం పెద్దవాళ్ల ఖాతాలోనూ ఉంటుంది. పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించి ప్రకటనలకు వాడుకున్నందుకు 2019 సెప్టెంబర్‌లో గూగుల్, యూట్యూబ్‌లు అమెరికాలో 17 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత, 2020 జనవరి నుంచి, పిల్లల కోసం తీసిన వీడియో అయితే పెట్టినవాళ్లే ఆ సంగతి చెప్పాలి. అలా గుర్తించిన వీడియోల కింద కామెంట్లు ఉండవు, చూసేవాళ్ల ఇష్టాయిష్టాలను వెంటాడే ప్రకటనలు రావు. పాప రైమ్స్ చూస్తున్నంతసేపూ ఈ గొడుగు ఉంటుంది. జేసీబీ వీడియోలోకో, బొమ్మకార్లు పగలగొట్టే వీడియోలోకో, పెద్దపిల్లలు ఆడే గేమ్ వీడియోలోకో దాటిందంటే గొడుగు లేదు. అవి పిల్లల వీడియోలుగా గుర్తించినవి కాకపోతే అక్కడ వచ్చే ప్రకటన నాన్న కోసం ఎంచినది, పక్కన చూపించే తర్వాతి వీడియో నాన్న నిన్న రాత్రి చూసిన క్రైమ్ న్యూస్‌నో, సినిమా ఫైట్‌నో బట్టి వచ్చినది.

ఇది రెండువైపులా జరుగుతుంది. నాన్న యూట్యూబ్ తెరిస్తే సగం పేజీ పిల్లల పాటలతో నిండి ఉంటుంది. దాన్ని అందరూ సరదాగా చెప్పుకుంటారు. అదే కలగలుపు పాప వైపు నుంచి చూస్తే సరదాగా ఉండదు. నాన్న అలవాట్లు తన పక్కన కూర్చుని ఉంటాయి.

షార్ట్స్ అనే పొట్టి వీడియోలు వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక, ఆ సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్‌ను మొట్టమొదట మన దేశంలోనే ప్రయోగించింది. పొడవైన వీడియోలో కనీసం ఒక కథ, ఒక పాట ఉంటుంది. అది నచ్చి చూస్తోందా లేదా అన్నది పక్కన కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. వేలితో పైకి నెడుతూ పోయే తెరలో ఏ క్షణాన ఏం వస్తుందో పాపకూ తెలీదు, అమ్మకూ తెలీదు. టీవీకీ ఫోన్‌కూ ఉన్న పెద్ద తేడా కూడా ఇదే. టీవీలో ఏం వస్తోందో వంటింట్లో ఉన్న అమ్మకు వినపడేది. ఫోన్ తెర పాప మొహానికి జానెడు దూరంలో ఉంటుంది, ఇంకెవరికీ కనపడదు.

ఈ విషయంలో అమెరికాలో శిశువైద్య నిపుణురాలు జెన్నీ రాడెస్కీ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం చెప్పుకోదగ్గది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న 346 మంది తల్లిదండ్రులను తీసుకుని, మాటమీద వదిలెయ్యకుండా ఫోన్లలోనే వాడకాన్ని నమోదుచేశారు. తమ పిల్లలు ఎంతసేపు వాడుతున్నారో తల్లిదండ్రుల్లో మూడోవంతుకు పైగా తక్కువ చేసి చెప్పారు, ఇంకో మూడోవంతు ఎక్కువ చేసి చెప్పారు. సరిగ్గా చెప్పినవాళ్లు మూడోవంతు కూడా లేరు. వాళ్లేమీ అబద్ధాలాడలేదు, నిజంగానే తెలీదు. కొందరు పసిపిల్లలు పెద్దల కోసం చేసిన గేమ్‌లు, జూదం తరహా ఆటలు సైతం తెరిచినట్టు అందులో బయటపడింది.

డబ్బు సంగతి వేరే చెప్పాలి. పిల్లలు గేమ్‌లో నాణేలు కొనేసి బిల్లు తల్లిదండ్రులకు రావడం మీద అమెరికాలో 2014లో యాపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు, గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగివ్వడానికి ఒప్పుకున్నాయి. యాపిల్ ఫోన్‌లో అప్పట్లో ఒకసారి పాస్‌వర్డ్ కొడితే పదిహేను నిమిషాలపాటు మళ్లీ అడిగేది కాదు. ఆ పదిహేను నిమిషాల్లో పిల్లలు ఎంత కొన్నా నడిచేది. మన దగ్గర కార్డుకు ఓటీపీ, యూపీఐకి పిన్ ఉండటం పెద్ద రక్షణ. అయితే ఇప్పుడు యూపీఐ లైట్ ఉంది. 2024 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ పెంచిన పరిమితి ప్రకారం ఒక్కో చెల్లింపు వెయ్యి రూపాయల దాకా పిన్ లేకుండా వెళ్తుంది, అందులో ఒకేసారి ఉంచుకోగలిగింది ఐదు వేలు. పెద్దవాళ్ల సౌకర్యం కోసం వచ్చిన మంచి ఏర్పాటే. ఫోన్ లాక్ తెలిసిన ఐదేళ్ల బాబున్న ఇంట్లో మాత్రం దాన్ని ఆపేసుకోవడమే మేలు. పిల్లలు నొక్కేసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయిన స్టిక్కర్లకు సారీ చెప్పుకుంటే సరిపోతుంది, వెళ్లిపోయిన డబ్బుకు అలా కుదరదు.

మాటలు, మంకు, కళ్లు

రెండేళ్లు నిండని పిల్లల విషయంలో నిపుణుల మధ్య పెద్దగా భేదం లేదు. 2019 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు గంట మించకూడదనీ, ఇంకా తగ్గితే ఇంకా మంచిదనీ చెప్పింది. భారతీయ శిశువైద్యుల సంఘం కూడా రెండేళ్లలోపు వద్దనీ, ఐదేళ్ల వరకు గంటలోపేననీ చెప్పింది. అప్పుడప్పుడు చుట్టాలతో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

ఆ మినహాయింపు ఎందుకన్నది అర్థమైతే మిగతాది అర్థమవుతుంది. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం, తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల ముందు చైనా మాండరిన్ మాట్లాడేవాళ్లను కూర్చోబెట్టి పన్నెండు విడతలు ఆడించింది, కథలు చదివించింది. ఆ పిల్లలకు మాండరిన్ ధ్వనుల తేడా పట్టుబడింది. అవే మాటలు, అదే మనుషులు వీడియోలో కనిపించినప్పుడు ఏమీ పట్టుబడలేదు. 2014లో మరో అమెరికా అధ్యయనం రెండేళ్లు దాటిన పిల్లలకు కొత్త మాటలు నేర్పి చూసింది. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చుకున్నారు, వీడియో కాల్‌లో నేర్చుకున్నారు, ముందే రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేదు. పసివాళ్లకు భాష వచ్చేది తాము చేసినదానికి అవతలి మనిషి బదులిచ్చినప్పుడు. డల్లాస్‌లో ఉన్న మనవరాలు "తాతా" అంటే గుంటూరులో తాతయ్య "ఏం తల్లీ" అని పలుకుతారు. పాట వీడియో అలా పలకదు. పాప ఎన్నిసార్లు పిలిచినా అది తన దారిన తను పోతుంది. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు పిల్లలకు తెలుగు రావాలని రైమ్స్ వీడియోలు పెడుతుంటారు. దానికన్నా అమ్మమ్మతో రోజూ పది నిమిషాల కాల్ ఎక్కువ పనిచేస్తుంది.

జపాన్‌లో 7,097 మంది తల్లీబిడ్డల మీద జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, ఏడాది వయసులో తెర ఎక్కువ చూసిన పిల్లల్లో రెండేళ్లకూ నాలుగేళ్లకూ మాట, సంభాషణ విషయంలో వెనకబాటు ఎక్కువగా కనిపించింది. రెండూ కలిసి కనిపించాయంటే ఒకదానివల్లే ఇంకోటి వచ్చిందని తేలినట్టు కాదు. మాట్లాడే మనుషులు తక్కువున్న ఇంట్లోనే తెర కూడా ఎక్కువ ఉండొచ్చు.

ఈ జాగ్రత్త ఎందుకంటే, "ఫోన్ చూస్తే ఆటిజం వస్తుంది" అన్న ప్రచారం మన దగ్గర విపరీతంగా నడుస్తోంది. దానికి వర్చువల్ ఆటిజం అని పేరు కూడా పెట్టారు. అలాంటి రోగనిర్ధారణ వైద్య గ్రంథాల్లో లేదు. ఆటిజంలో పుట్టుకతో వచ్చే కారణాలే ప్రధానం, ఫోన్ వల్ల అది వస్తుందని రుజువు కాలేదు. ఈ మాటతో జరిగే కీడు రెండు రకాలు. ఆటిజం ఉన్న బిడ్డ తల్లి, తానే ఫోన్ ఇచ్చి చెడగొట్టానని కుమిలిపోతుంది. ఇంకోచోట, ఫోన్ మానిపిస్తే తగ్గిపోతుందని ఏడాది ఎదురుచూసి, అందాల్సిన సాయం అందే వయసును పోగొట్టుకుంటారు. పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనలేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా ఫోన్ మాట పక్కనపెట్టి పిల్లల డాక్టర్‌కు చూపించాలి. వినికిడి పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

మంకు సంగతి. ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టడానికి ఫోన్ ఇవ్వడం అన్నిటికన్నా తేలికగా పనిచేసే ఉపాయం. రాడెస్కీ బృందమే 2022 చివర్లో, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న 422 కుటుంబాల మీద మరో అధ్యయనం వెలువరించింది. ఊరుకోబెట్టడానికి తరచూ ఫోన్ వాడినచోట, కొన్ని నెలల తర్వాత పిల్లల్లో భావోద్వేగాల హెచ్చుతగ్గులు పెరిగాయి. మగపిల్లల్లో, సహజంగానే హుషారు ఎక్కువున్న పిల్లల్లో ఇది మరింతగా కనిపించింది. అంటే ఏ పిల్లలను సముదాయించడం కష్టమో వాళ్లకే ఫోన్ ఎక్కువ ఇస్తాం, ఇచ్చినకొద్దీ వాళ్లకు తమంతట తాము ఊరుకోవడం రాకుండా పోతుంది. బస్సులోనో పెళ్లిలోనో ఒకరోజు ఇస్తే కొంప మునిగేదేమీ లేదు. ప్రతి ఏడుపుకూ అదే సమాధానం అయినప్పుడే ఈ చిక్కు.

కళ్ల గురించి ఒక్క మాట. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ బడిలో మరో 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేస్తే, మూడేళ్లలో దూరపువి మసకబారే దోషం వచ్చినవాళ్లు 30.4 శాతం. అలాంటి ఏర్పాటు లేని బడుల్లో 39.5 శాతం. ఫోన్ వల్ల కళ్లకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఎండ తగలకపోవడమే కావచ్చు.

తిరిగి తీసుకోవడం

ఫోన్ ఇవ్వడానికి క్షణం పడుతుంది, తీసుకోవడం దగ్గరే ఇల్లు పీకి పందిరేస్తారు. దీని మీద వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో పసిపిల్లలున్న కుటుంబాలను దగ్గరగా గమనించారు. "ఇంకో రెండు నిమిషాలే" అని ముందుగా హెచ్చరిస్తే పిల్లలు సర్దుకుంటారని మనం అనుకుంటాం. వాళ్లు చూసినదాంట్లో ఆ హెచ్చరిక గొడవను పెంచింది. వీడియో తనంతట తాను అయిపోయినప్పుడు, బ్యాటరీ అయిపోయినప్పుడు, ఆ వేళకు ఆపడం రోజువారీ అలవాటైనప్పుడు పిల్లలు తేలికగా వదిలేశారు. ఎవరో లాక్కున్నారంటే ఒప్పుకోరు, అయిపోయిందంటే ఒప్పుకుంటారు.

అందుకే ఇంట్లో ముందుగా ఆపాల్సింది, తర్వాతి వీడియోను తనంతట తానే మొదలుపెట్టే ఆటోప్లే. ఒక వీడియో అయిపోగానే తెర ఆగిపోతే అక్కడ ఒక ముగింపు ఏర్పడుతుంది. ముందే డౌన్‌లోడ్ చేసిన రెండు వీడియోలు పెట్టి, ఇంటర్నెట్ ఆపేసి ఇవ్వడం ఇంకా మంచిది. వైఫై ఆపిన ఫోన్‌లో కొత్తది రాదు, ప్రకటన రాదు, అయిపోయినది అయిపోతుంది. షార్ట్స్ మాత్రం పసిపిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు. దానికి ముగింపనేదే లేదు.

ఫోన్ ఇవ్వక తప్పనప్పుడు ఒక్క యాప్‌లోనే బందీ చేసి ఇచ్చే సదుపాయం చాలా ఫోన్లలో ఏళ్ల తరబడి ఉంది, ఎక్కువమందికి తెలీదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీ విభాగంలో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది. అది 2014 నుంచీ ఉన్నదే. ఐఫోన్‌లో దాని పేరు గైడెడ్ యాక్సెస్, పక్క బటన్ మూడుసార్లు నొక్కితే వస్తుంది. బయటికి రావాలంటే లాక్ అడిగేలా పెట్టి పిన్ చేస్తే, ఆ లాక్ తెలియని పాప వాట్సాప్‌లోకో, ఫోన్‌పేలోకో వెళ్లలేదు. ప్లేస్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవాలి. ప్యాటర్న్ తీసేసి ఆరంకెల పిన్ పెట్టాలి, పాప ముందు కొట్టకూడదు. మామూలు యూట్యూబ్‌ను పాపకు కనపడని ఫోల్డర్‌లో వేసి, కిడ్స్ యాప్‌ను ముందు పెట్టి, అందులో మీరు చూసి ఒప్పుకున్నవే వచ్చేలా చెయ్యాలి. ఇంట్లో పాత ఫోన్ ఒకటి మూలన పడి ఉంటే, సిమ్ లేకుండా, పిల్లల ఖాతాతో, తల్లిదండ్రులు అదుపు చేసుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టి దాన్నే వాడటం అన్నిటికన్నా సురక్షితం. అప్పుడు ఫోన్‌కు మొదటిసారిగా చూస్తున్నది పాప అని తెలుస్తుంది. తాతయ్య ఫోన్‌కు లాక్ పెట్టడం మర్చిపోవద్దు.

సెట్టింగ్స్‌తో తీరనిది పెద్దవాళ్ల చేతిలో ఉంది. రాడెస్కీ బృందం 2014లో బోస్టన్‌లోని ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో పిల్లలతో వచ్చిన 55 మంది పెద్దవాళ్లను గమనిస్తే, 40 మంది భోజనం మధ్యలో ఫోన్ తీశారు. బాగా మునిగిపోయినవాళ్ల దగ్గర పిల్లలు ధ్యాస తమవైపు తిప్పుకోవడానికి అల్లరి పెంచారు. పిల్లలు ఫోన్ కోరుకోవడానికి ఒక కారణం, ఇంట్లో అందరూ అన్నిటికన్నా ఎక్కువగా చూసేది దాన్నే కావడం.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగ్గ అనుమతి కావాలి, వాళ్ల కదలికలను వెంటాడకూడదు, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు ఇవ్వకూడదు. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపువాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. ఇవన్నీ కావాల్సినవే, పెద్దపిల్లలకు ఉపయోగపడతాయి. నాన్న ఖాతాలో కూర్చున్న మూడేళ్ల పాపకు ఇవేవీ తగలవు. కంపెనీని అడిగితే తమ దగ్గర ఉన్నది వయోజనుడి ఖాతాయేనని చెబుతుంది, ఆ మాట కాగితం మీద నిజమే.

కానీ పిల్లల పాటలు రోజూ గంటలకొద్దీ ఆడుతున్న ఖాతా వెనక ఒక పసిబిడ్డ ఉందని ఆ కంపెనీల యంత్రాలకు అంతుపట్టదా? తర్వాతి వీడియో ఏది పెట్టాలో తెలిసినప్పుడు ఇదీ తెలుస్తుంది. యూట్యూబ్‌లో 1000 కోట్ల వీక్షణలు దాటిన మొదటి వీడియో, 2022 జనవరిలో, ఒక చిన్నపిల్లల పాటే. అలాంటి వీడియో మొదలుకాగానే ఆటోప్లే తనంతట తానే ఆగిపోయేలా, షార్ట్స్ పక్కకు తప్పుకునేలా పెద్దవాళ్ల ఖాతాల్లోనూ పెట్టమని నియంత్రణ సంస్థలు అడగాలి. తల్లిదండ్రులు ఒక్కొక్కరూ సెట్టింగ్స్ వెతుక్కోవాల్సిన పని అది కాకూడదు.

బడులను అడగడానికి అంతదాకా కూడా వెళ్లక్కర్లేదు. నర్సరీ నుంచి రెండో తరగతి దాకా హోంవర్క్ వాట్సాప్‌లో కాకుండా డైరీలో రాసి పంపడం ఏ బడికైనా రేపటి నుంచి సాధ్యమే. పెద్దవాళ్లకు చెప్పాల్సిన కబుర్లు గ్రూపులో పెట్టుకోవచ్చు, పిల్లలు చేయాల్సినది కాగితం మీద ఉండాలి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురైదుగురు తల్లులు కలిసి ఈ మాట అడిగితే, సాయంత్రం పూట ఫోన్ అడగడానికి పాపకున్న ఒకే ఒక్క న్యాయమైన కారణం పోతుంది.